డెత్ వ్యాలీలో కొత్తగూడెం ఎండ

జులైలో డెత్ వ్యాలీకి వెళ్ళడం తెలివైన పని కాదు, ఆ సంగతి మాకూ తెలుసు, కాబట్టి కామెంట్లలో తిట్టే పని పెట్టుకోకండి. తిట్టాల్సినవాళ్ళంతా అప్పుడే తిట్టేశారు, మా ఆవిడతో సహా.

2023 మే నెలలో అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటామని. మేముండేది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో. వచ్చిన పేరెంట్స్‌ని అందరూ తిప్పేవే మేమూ తిప్పాం, మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి, డిస్నీలాండ్, వేగస్, గ్రాండ్ కాన్యన్. జూన్ అయ్యేసరికి నాన్నకి బోర్ కొట్టేసింది. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చూస్తూ "ఒరేయ్, ప్రపంచంలో ఎక్కువ ఎండ కాసిన చోటు మీ కాలిఫోర్నియాలోనే ఉందంట కదా, ఎంత దూరం?" అన్నాడు. నాలుగున్నర గంటలు అని నోరు జారాను, అంతే.

మా నాన్న సంగతి చెప్పాలి. కొత్తగూడెంలో ఓపెన్‌కాస్ట్ గనిలో ముప్పై రెండేళ్ళు డంపర్ తోలాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటారే, ఆ రోళ్ళు పగిలే ఎండలో, నల్లటి బొగ్గు మధ్యలో, మధ్యాహ్నం షిఫ్టు చేసిన మనిషి. ఆయనకి ఎండ గురించి ఎవరైనా జాగ్రత్త చెబితే చిన్నతనం. 1913 జులై 10న డెత్ వ్యాలీలో 134 ఫారెన్‌హీట్ నమోదైంది అని చూపిస్తే వెంటనే లెక్కేశాడు, 56.7 సెల్సియస్. మరి మనం వెళ్ళే రోజు ఎంతంట అన్నాడు. 121 అని ఉంది, అంటే 49 చిల్లర. "మన దగ్గర 46 చూడలేదారా, మూడు డిగ్రీలేగా ఎక్కువ" అన్నాడు. ఈ మూడు డిగ్రీల లెక్క గుర్తుపెట్టుకోండి.

బండి గురించి మాత్రం నేను పంతం పట్టాను. మాది పాత మినీవ్యాన్, లక్షా ఇరవై వేల మైళ్ళు తిరిగింది. కూలెంట్ మార్పించాను, బెల్టులు చూపించాను, టైర్లు రెండు అరిగి ఉంటే అవీ మార్పించాను, ఎందుకంటే అక్కడ సమ్మర్‌లో మనిషి ప్రాణం ఉండేది బండిలోని ఏసీలోనే. డెత్ వ్యాలీ నేషనల్ పార్కు వాళ్ళు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్ళు తీసుకెళ్ళమంటారు, అంటే నాలుగు లీటర్ల దాకా. ఐదుగురికి ఎనిమిది గ్యాలన్లు వేసుకున్నాం. అమ్మ రెండు ఫ్లాస్కుల నిండా ఉప్పేసిన పల్చటి మజ్జిగ, పెరుగన్నం పులిసిపోతుందని పులిహోర. నాన్న మా కిచెన్‌లోంచి ఒక ఉల్లిపాయ తీసి జేబులో వేసుకున్నాడు, వడదెబ్బ తగలకుండా. నేను నవ్వలేదు, చిన్నప్పుడు నా స్కూల్ నిక్కరు జేబులోనూ ఉండేది ఆ ఉల్లిపాయ.

తెల్లవారుజామున రెండున్నరకి బయల్దేరి ఐదింటికి బేకర్ చేరాం. ఆ ఊరి మధ్యలో 134 అడుగుల ఎత్తు థర్మామీటర్ స్తంభం ఉంటుంది, ఆ పాత రికార్డు అంకెకి గుర్తుగా 1991లో కట్టారు. ఇంకా పూర్తిగా తెల్లారనే లేదు, దాని మీద 90 ఫారెన్‌హీట్. మా పాప నిద్రలోంచి లేచి "తాతా, ఇట్స్ ఆల్రెడీ నైంటీ" అంటే తాత "బ్రష్ చేస్కో ఫో" అన్నాడు. ట్యాంకు అక్కడే ఫుల్ చేయించండి, లోపల పార్కులో పెట్రోలు దొరుకుతుంది కానీ రేటు చూస్తే మామూలు మనిషికి వడదెబ్బ తగులుతుంది. ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా అక్కడే దింపుకోండి, 127 రోడ్డెక్కాక సిగ్నల్ పోతుంది. పార్కులో చాలా చోట్ల ఫోన్లు పనిచేయవు, జీపీఎస్ చూపించిందని పాత మట్టిరోడ్లెక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, అక్కడి రేంజర్లు దానికి డెత్ బై జీపీఎస్ అని పేరే పెట్టారు.

ముందుగా డాంటేస్ వ్యూకి వెళ్ళాం. వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే. 5,475 అడుగుల ఎత్తు, పొద్దున ఏడున్నర, చల్లగాలి. అమ్మ శాలువా కప్పుకుంది. నాన్న అంచు దాకా వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి "ఇదేనా మీ డెత్ వ్యాలీ, ఊటీలాగుంది" అన్నాడు. కింద తెల్లగా పెద్ద చెరువులా కనపడుతుంటే నీళ్ళా అని అడిగాడు. నీళ్ళు కావు, ఉప్పు. వేల ఏళ్ళ కిందట అక్కడ మ్యాన్లీ అనే పెద్ద సరస్సు ఉండేది, ఎండిపోయింది, చుట్టూ కొండల నుంచి కొట్టుకొచ్చిన ఉప్పంతా అడుగున మిగిలింది. ఆ తెల్లటి మడే బ్యాడ్‌వాటర్ బేసిన్, సముద్ర మట్టానికి 282 అడుగుల కింద. ఎదురుగా టెలిస్కోప్ పీక్ 11,049 అడుగులు. ఒక్క చూపులో రెండు మైళ్ళకి పైగా ఎత్తు తేడా కళ్ళకి ఆనుతుంది.

జబ్రిస్కీ పాయింట్ అనే వ్యూపాయింట్ గురించి పెద్దగా రాయను, ఫోటోలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, అలాగే ఉంటుంది. పది నిమిషాలు, దిగాం, ఫోటో, ఎక్కాం.

తొమ్మిదిన్నరకి ఫర్నేస్ క్రీక్ విజిటర్ సెంటర్. బయట పెద్ద డిజిటల్ థర్మామీటర్, దాని పక్కన ఫోటో కోసం లైను. ఒకాయన ఆ ఎండలో బొచ్చు కోటేసుకుని ఫోజిస్తున్నాడు. 108 చూపిస్తోంది. పాప నేల మీద ఆమ్లెట్ వేద్దామంది, స్కూల్లో ఎవరో చెప్పారంట. 2013లో జనం నిజంగానే నేల మీద గుడ్లు కొట్టి వదిలేసి పోతుంటే, ఆ పెంకులెత్తలేక పార్కు వాళ్ళు బాబ్బాబూ ఆపండని వేడుకున్నారు.

లోపల రేంజరమ్మ చాలా ఓపిగ్గా చెప్పింది, పది దాటాక కింద లోయలో నడవొద్దు, బండికి దగ్గర్లోనే ఉండండి, బండి ఆగిపోతే బండి వదిలి పోవద్దు. నేను తెలుగులో చెబుతుంటే నాన్న గోడ మీద బొమ్మలు చూస్తున్నాడు. 120 దాటితే మెడికల్ హెలికాప్టర్ కూడా రాలేదు, వేడికి గాలి పల్చబడి పైకి లేవలేదు అనేసరికి మాత్రం తిరిగి చూశాడు. "నిజమేరా, మధ్యాహ్నం షిఫ్టులో నా డంపర్ కూడా లోడుతో ఎక్కుడు ఎక్కాలంటే మొరాయించేది" అన్నాడు. ఆయనకి మనుషులు చెబితే ఎక్కదు, ఇంజన్లు చెబితే ఎక్కుతుంది.

అక్కడికి దగ్గర్లోనే హార్మొనీ బోరాక్స్ వర్క్స్ అని పాత ఫ్యాక్టరీ మొండిగోడలు, పక్కన అప్పటి పెద్ద చెక్క బళ్ళు. బోరాక్స్ అంటే ఏంటని అమ్మ అడిగితే ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేజీ చూసి వెలిగారం అని చెప్పాను. "వెలిగారమా! చంటిపిల్లల నోటిపూతకి తేనెలో రంగరించి రాసేవాళ్ళం, మీ అమ్మమ్మ నీక్కూడా రాసింది" అంది. (ఇప్పుడెవరూ రాయకండి, పిల్లలకి మంచిది కాదు.) కంసాలి బంగారం అతికేటప్పుడు వేసేదీ అదే, క్యారంబోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కూడా దాన్నుంచి వచ్చేదే. 1883 నుంచి 1888 దాకా చైనా నుంచి వచ్చిన కూలీలు ఆ ఉప్పు మళ్ళలో దాన్ని గీకి తీసేవాళ్ళు. పద్దెనిమిది కంచరగాడిదలు, రెండు గుర్రాలు కట్టిన బళ్ళ మీద 165 మైళ్ళ దూరంలో ఉన్న మొహావీ రైల్వే స్టేషన్‌కి తోలేవాళ్ళు, పోవడానికే పది రోజులు, వెనకాల 1,200 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు. నాన్నకి ఇక్కడ మంచి ఊపొచ్చింది, ఇరుసు చూశాడు, చక్రం తట్టి చూశాడు, టన్నేజ్ ఎంతన్నాడు. అక్కడి బోర్డు మీద ఇంకోటి కూడా ఉంది, వేసవిలో ఈ ఫ్యాక్టరీ నడిచేది కాదంట, ఎండకి నీళ్ళు చల్లారక వెలిగారం గడ్డకట్టేది కాదంట, అందుకని సమ్మర్‌లో పనంతా వేరే చోటికి మార్చేవాళ్ళు. లాభం కోసం ఇంత దూరం వచ్చిన కంపెనీయే ఎండాకాలం ఇక్కడ పని ఆపేసుకుంటే మనమేంటి టికెట్ కొనుక్కుని మరీ వచ్చాం అనుకున్నాను కానీ పైకి అనలేదు.

ఇక్కడి అసలు జనం టింబీషా షొషోనీలు కూడా అంతే, వందల ఏళ్ళ ఊరే, కానీ ఎండాకాలం వస్తే కొండల మీదకి పోయేవాళ్ళు. డెత్ వ్యాలీ అన్న పేరు వాళ్ళకి నచ్చదు. నచ్చకపోవడంలో న్యాయం ఉంది, 1849లో బంగారం కోసం పోతూ దారి తప్పినవాళ్ళు వెళ్తూ వెళ్తూ పెట్టిన పేరు అది, ఉండేవాళ్ళు పెట్టుకున్నది కాదు. వాళ్ళ ఊరు ఇప్పటికీ ఫర్నేస్ క్రీక్ పక్కనే ఉంది, 2000లో చట్టం చేసి అక్కడ 300 ఎకరాల పైచిలుకు భూమి తిరిగిచ్చారు.

బ్యాడ్‌వాటర్‌కి వెళ్ళేసరికి పదకొండుంపావు. బండి మీటర్‌లో 115. తప్పు నాదే, పొద్దున డాంటేస్ వ్యూ నుంచి తిన్నగా ఇక్కడికొచ్చి మిగతావి తర్వాత చూసుండాల్సింది. డోర్ తీయగానే ఎవరో పొయ్యి మూత తీసి మొహం మీద పెట్టినట్టు. మన వడగాలి తెలుసు కదా, అందులో కనీసం దుమ్ము వాసన, ఆకుల వాసన ఏదో ఒకటి ఉంటుంది, ఇక్కడ ఏ వాసనా లేదు. శబ్దమూ లేదు. పక్కన కొండ మీద చాలా ఎత్తులో చిన్న బోర్డు, సముద్ర మట్టం అని. నాన్న తలెత్తి చూసి "మా గని ఇంతకంటే లోతు" అన్నాడు.

నేల మీద STOP అన్న ఎర్ర బోర్డు, పది తర్వాత నడవొద్దని. చెక్క మెట్ల దాకా వెళ్ళి వచ్చేద్దాం అని ఒప్పందం. అమ్మ, మా ఆవిడ, పాప మూడు నిమిషాల్లో బండెక్కేశారు. నేను ఫోటోలు తీస్తుంటే ఫోన్ వేడెక్కింది అని చెప్పి ఆగిపోయింది. తలెత్తి చూస్తే నాన్న ఉప్పు మీద అల్లంత దూరంలో నడిచిపోతున్నాడు, తుండు మెడ చుట్టూ వేసుకుని, తలమీద గ్రాండ్ కాన్యన్‌లో పాప కొనిచ్చిన ఖాకీ టోపీ. నాన్నా అని అరిచాను. చెయ్యూపాడు. మళ్ళీ అరిచాను. అప్పుడే వేడి గాలి ఒకటి విసురుగా వచ్చి టోపీ ఎత్తుకుపోయింది, ఆ ఉప్పు గడ్డల మీద చక్రంలా దొర్లుకుంటూ పోతోంది, దాని వెనక మా నాన్న. డెబ్బై ఏళ్ళ మనిషి. నేను పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "పాప కొనిచ్చిందిరా" అంటూ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. బండి డోర్ హ్యాండిల్ పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంది.

"చూశావా, చెమట కూడా పట్టలేదు" అన్నాడు సీట్లో కూర్చుని, గర్వంగా. ఆ మాట విన్నాకే నాకు భయం వేసింది. చొక్కా పొడిగానే ఉంది కానీ వీపు మీద తెల్లగా ఉప్పు చారలు. చెమట పట్టకపోవడం కాదు, పట్టినది పట్టినట్టు గాలి తాగేస్తోంది, ఎంత నీరు పోయిందో మనిషికే తెలియదు. కొత్తగూడెంలో అయితే చొక్కా తడిసి ముద్దయి ఒంటికి అంటుకుంటుంది, ఆ చిరాకే మనల్ని నీడకి తోలుతుంది. ఇక్కడ ఆ చిరాకు లేదు.

ఎందుకింత వేడి అంటే, సముద్రం నుంచి వచ్చే మబ్బుల్ని సియెర్రా నెవాడాతో మొదలెట్టి వరసగా కొండలు ఆపేస్తాయి, ఏడాది మొత్తానికి రెండంగుళాల వాన. లోయ లోతుగా, ఇరుగ్గా ఉంటుంది, నేల కాగి గాలి పైకి లేస్తుంది కానీ కొండలు దాటి పోలేదు, కొంచెం చల్లారి మళ్ళీ కిందకే దిగుతుంది, దిగేటప్పుడు ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది. మూత పెట్టిన మూకుడు అన్నమాట. నేల సంగతి అయితే 1972లో ఫర్నేస్ క్రీక్ దగ్గర కొలిస్తే 201 ఫారెన్‌హీట్, 94 సెల్సియస్, ఇంకో ఆరు డిగ్రీలకి నీళ్ళు మరుగుతాయి. రాత్రిళ్ళు కూడా గాలి 90 ఫారెన్‌హీట్ కిందకి దిగని రోజులుంటాయి. కాబట్టి నాన్న చెప్పిన మూడు డిగ్రీలు లెక్క ప్రకారం కరెక్టే. కానీ మన 46లో వేపచెట్టు ఉంటుంది, చలివేంద్రం కుండ ఉంటుంది, పడిపోతే ఒరేయ్ ఎవరో పడిపోయారని పరిగెత్తుకొచ్చే నలుగురుంటారు, ఇక్కడ ఆ మూడు డిగ్రీలతో పాటు అవన్నీ కూడా తీసేశారు.

ఆర్టిస్ట్స్ డ్రైవ్ అని తొమ్మిది మైళ్ళ వన్‌వే రోడ్డు, కొండల మీద పచ్చ, గులాబి, ఊదా రంగులు, హోలీ ఆడినట్టుంటుంది, పాప కిటికీకి అతుక్కుపోయింది. అందులో సగం దూరంలో నాన్న తల పట్టుకున్నాడు. కడుపులో తిప్పుతోందన్నాడు, చలిగా ఉంది ఏసీ తగ్గించమన్నాడు. చలి అన్నాక ఇంక ఫోటోలు లేవు ఏమీ లేవు, వన్‌వే కాబట్టి వెనక్కి తిప్పే దారి కూడా లేదు, వంకర టింకర రోడ్డు మీద ఎంత మెల్లగా పోవాలో అంత మెల్లగానే పోవాలి, ఆ నాలుగైదు మైళ్ళు నేను ఏం చూశానో నాకు గుర్తులేదు. ఫర్నేస్ క్రీక్ చేరి రెస్టారెంట్ ఏసీలో కూర్చోబెట్టి, కాళ్ళు కుర్చీ మీద పెట్టించి, తుండు తడిపి మెడకి వేసి, అమ్మ గుక్క గుక్కగా మజ్జిగ పట్టించింది. గంట పట్టింది మామూలు మనిషవ్వడానికి. మాట తడబడలేదు, మగత రాలేదు కాబట్టి సరిపోయింది, అవి కనపడితే మాత్రం ఇలా మజ్జిగతో కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయాలి. అమ్మ మాట్లాడకుండా ఆయన జేబులోంచి ఉల్లిపాయ తీసి టేబుల్ మీద పెట్టింది. మా ఆవిడ "మామయ్యా, ఇంకో పావుగంట ఉంటే వేయించుకునేవాళ్ళం" అంది. అప్పుడు నవ్వాడు. నవ్వి, "టోపీ పోయిందమ్మాయ్" అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి 190 నంబరు రోడ్డు మీదుగా పడమటి వైపు బయటపడదాం అనుకున్నాం. స్టోవ్‌పైప్ వెల్స్ దగ్గర ఇసుక దిబ్బలు బండిలోంచే చూశాం. ఆ దిబ్బల మధ్య చెట్లు చూసి నాన్న "సర్కారు తుమ్మ కదరా" అన్నాడు. నిజమే, మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దాయాదే. టింబీషా వాళ్ళు ఆ కాయలు దంచి పిండి చేసుకుని తినేవాళ్ళు, మనం మేకలకి వదిలేశాం.

అక్కడి నుంచి టౌన్ పాస్ అనే కనుమ ఎక్కాలి. సముద్ర మట్టం నుంచి దాదాపు 5,000 అడుగులకి ఒకటే ఎక్కుడు. ఏసీ ఆపి వెళ్ళండి అని బోర్డులుంటాయి, అక్కడక్కడ రేడియేటర్ నీళ్ళ ట్యాంకులు కూడా పెట్టారు. నేను నాన్న కోసమని ఏసీ ఆపలేదు. సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి జరుగుతోంది. అప్పటిదాకా వెనక సీట్లో పడుకున్న నాన్న, డ్యాష్‌బోర్డు కనపడుతోందో ఇంజన్ శబ్దం పట్టాడో తెలీదు, లేచి కూర్చున్నాడు. "ఏసీ ఆపు. అద్దాలు దించు. హీటర్ ఫుల్లు పెట్టు." బయట 114. హీటరా అంది మా ఆవిడ. "పెట్టమంటున్నా కదా, ఇంజన్ వేడి ఇటు లాగాలి. గేరు దించు, తొక్కకు, మెల్లగా పోనీ." పెట్టాను. ఆ పది నిమిషాలు మేము ఐదుగురం ఎలా ఉన్నామో చెప్పలేను, పాప ఏడుపు, కాళ్ళ మీద మంట, బండి నిండా పులిహోర వాసన, అమ్మ హనుమాన్ చాలీసా. ముల్లు ఆగింది, తర్వాత వెంట్రుకవాసి దిగింది, తర్వాత ఇంకొంచెం. పైకి చేరి పక్కకి ఆపాక గాలి చల్లగా ఉంది. నాన్న దిగి బానెట్ మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, దూరం నుంచే చూసి "మంచి బండే" అన్నాడు. ఇంటికి చేరేదాకా డంపర్ కథలే.

ఆగస్టు 20న హిలరీ తుఫాను వచ్చి ఒక్కరోజులో 2.2 అంగుళాల వాన కురిసింది డెత్ వ్యాలీలో, ఏడాదిది మొత్తం ఒక్కరోజే. రోడ్లు కొట్టుకుపోయి అక్టోబర్ మధ్య దాకా పార్కు మూసేశారు. బ్యాడ్‌వాటర్‌లో నీళ్ళు నిలిచి, ఎండిపోయిన ఆ మ్యాన్లీ సరస్సు మళ్ళీ బతికింది. ఈ న్యూస్ నాన్నకి చూపిస్తే టీవీ ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. నవంబర్‌లో వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఇంకా వానలు పడి సరస్సు పెరిగిందంటే మేము ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. అసలు వెళ్ళాల్సింది అప్పుడే, నవంబర్ నుంచి మార్చి దాకా, స్వెటర్ వేసుకుని హాయిగా మైళ్ళు మైళ్ళు నడవొచ్చు. చెప్పులు చేత్తో పట్టుకుని చీలమండల లోతు నీళ్ళలో నడిచాం, జులైలో అరచెయ్యి కాలిన చోట. టెలిస్కోప్ పీక్ మీద మంచు, ఆ మంచు నీళ్ళలో తలకిందులుగా. కొందరు కయాక్‌లు కూడా వేసుకొచ్చారు.

ఫోటోలన్నీ బేకర్ వచ్చాక సిగ్నల్ దొరికితే వాట్సాప్‌లో పెట్టాను, ఇదిగో నాన్నా నువ్వు నడిచిన చోటే, చూడు ఎన్ని నీళ్ళున్నాయో అని. కొత్తగూడెంలో అప్పుడే తెల్లారుతున్నట్టుంది, రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నీళ్ళ సంగతి సరేరా, నా టోపీ ఏమన్నా తేలిందా?"